పేష్కారు పొట్ట మీది గడ్డ విషయమై

జనవరి 6

చెల్లాయికి,

అన్నయ్య ఆశీస్సులు అందజేస్తూ ఈ కింది సంగతిని నీ దృష్టికి తేవడమైనది.

విషయం: నీ పిల్లి పేష్కారు పొట్ట మీద కొత్తగా కనిపించిన గడ్డ.

ఆధారం: నూలు మిల్లు ఉద్యోగానికి వెళ్తూ నువ్వు మన బీరువా తలుపు లోపలివైపు అంటించిన ఆరు షరతుల కాగితం; అందులో నాలుగవ షరతు.

మొన్న ఆదివారం ఉదయం వర్క్‌షాపు కలప రిజిస్టరు ఇంటికి తెచ్చుకుని కూర్చున్నాను. తెరిచీ తెరవకముందే పేష్కారు వచ్చి యథాప్రకారం పేజీ మీద పడుకుంది. కచేరీలో కాగితాలు చూసే పేష్కారులా, అది కూర్చోని కాగితమంటూ ఈ ఇంట్లో లేదు కనుకనే దానికి నువ్వు ఆ పేరు పెట్టావు. జరుపుదామని పొట్ట కింద చెయ్యి వేస్తే, కుడివైపు వెనక చన్ను పక్కన వేలికి ఏదో తగిలింది. ఆదివారం, సోమవారం, ఈ రోజు, మూడుసార్లు కాలిపర్ పెట్టి కొలిచాను. మూడుసార్లూ మూడు నూలు. నాలుగోసారి కొలవబోతే కాలిపర్‌ను కొరికింది. పంటి గుర్తు పడిన సంగతి పనిముట్ల రిజిస్టరులో నమోదు చేశాను.

పశువుల డాక్టరుగారికి చూపించాను. ఆయన మాటలు యథాతథంగా:

“గడ్డలన్నీ చెడ్డవి కావండీ. కానీ ఆడపిల్లికి అక్కడ లేచిన గడ్డని మాత్రం నేను నమ్మను. ఇప్పుడైతే చిన్న కోత, పది రోజుల్లో మానిపోతుంది. పెరిగాక తీసుకొస్తే నా చేతుల్లో ఏమీ ఉండదు. పిల్లి మీదేనా?”

“నాది కాదు. నా సంరక్షణలో ఉంది.”

“ఎవరిదో వాళ్లని అడిగి రండి మరి. త్వరగా.”

నీ చేత్తో రాసిన అనుమతి లేనిదే దాని ఒంటి మీద కత్తి గానీ సూది గానీ పడరాదని నాలుగవ షరతు. ఆ షరతు ఎందుకు పుట్టిందో నాకు గుర్తుంది. నాలుగేళ్ల క్రితం నిన్ను అడక్కుండా దాని పిల్లల్ని వర్క్‌షాపు గోదాములో ఎలుకల నివారణకు ఇచ్చేశాను. నాలుగు నెలలు నువ్వు నాతో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా చీటీ రాసి గుమ్మం మీద పెట్టేదానివి. ఆ చీటీలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మళ్లీ ఆ దస్త్రం తెరిచే ఉద్దేశం నాకు లేదు.

మీ హాస్టల్లో ఫోను చావుకీ పురిటికీ తప్ప ఇవ్వరని రాశావు. గడ్డ ఆ రెండింటిలో దేని కిందికీ రాదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడ బడి బెంచీలకు రెండు వందల ఆర్డరు వచ్చింది. ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగని బెంచీలు కావాలట. నేలకే కాళ్లు పెట్టమన్నా పెట్టేవాళ్లం.

నీ లిఖితపూర్వక ఆజ్ఞకు ఎదురుచూస్తూ,
అన్నయ్య


జనవరి 13

అన్నయ్యకు నమస్కారం.

నువ్వు రాసిన “విషయం, ఆధారం” చూసి నా గదిలో ఉండే ఇద్దరూ మంచం మీంచి లేచి నిలబడ్డారు, నాకేదో కోర్టు కాగితం వచ్చిందనుకుని. “మా అన్నయ్యేలే, కూర్చోండి” అన్నాను. “మీ అన్నయ్య జడ్జిగారా?” అంది ఒకావిడ. “కాదు, వడ్రంగి సెక్షన్ సూపర్‌వైజరు” అంటే నమ్మలేదు.

గడ్డ అని చదవగానే గుండె జారింది. తర్వాత మూడు నూలు అని చూసి నవ్వొచ్చింది. నాకు తేలిగ్గా తెలియాలని మా మిల్లు భాషలో రాశావు, సంతోషం. మూడు నూలు అనరు, మూడు పోగులు అంటారు. అయినా తెలిసిందిలే. నేను రోజుకి ఎనిమిది గంటలు నూలు మధ్యలో నిలబడే మనిషిని. కళ్లు మూసుకుని రెండు వేళ్ల మధ్య నలిపితే ఏ నంబరు పోగో చెబుతాను. అటువంటి నాకే మూడు పోగుల మందం ఒక్కోసారి తెలియదు. చిత్రిక పట్టి పట్టి కాయలు కాసిన నీ వేళ్లకు తెలిసిందంటే, నువ్వు అక్కడ ఉండాల్సినవాడివి కాదు. వచ్చి మా సెక్షన్లో చేరు.

అంతమాత్రానికి కత్తా? ఆ డాక్టరుకి పొద్దు పోతున్నట్టు లేదు. ఏ వెంట్రుకో చుట్టుకుని ఉంటుంది, దువ్వెనతో దువ్వు. అనుమతి లేదు. లేదన్న ముక్క కూడా నా చేత్తోనే రాస్తున్నాను, నీ దస్త్రానికి పనికొస్తుంది.

మాటిమాటికీ కొలిచి దాన్ని విసిగించకు. నన్ను తలుచుకుంటోందా? తలుచుకోకపోయినా తలుచుకుంటోందనే రాయి.

చెల్లాయి


జనవరి 24

చెల్లాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నీ గుండె నిబ్బరం చూసి నేను సిగ్గుపడవలసి వచ్చింది. నాలుగు రోజులుగా నాకు అన్నం సహించలేదు. నువ్వేమో మూడు నూలు అనగానే నవ్వావు. మిల్లు పని మనిషిని ఇంత గట్టిపరుస్తుందని నాకు తెలియదు.

కొలత పేరు విషయంలో నువ్వు చేసిన దిద్దుబాటును గమనించాను. మా వర్క్‌షాపులో మేస్త్రీ దగ్గర్నుంచీ అందరం నూలు అనే అంటాం. మీ దగ్గర పోగు అంటారు కాబోలు. కొలత ఒకటే అయినప్పుడు పేరుతో పేచీ లేదు. నీ సౌకర్యం కోసం రెండూ ఇస్తున్నాను.

నేటి కొలత: ఐదు నూలు. అనగా ఐదు పోగులు.

దువ్వాను. వెంట్రుక కాదు. మళ్లీ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. వేలు పెట్టి చూసి ఆయన నా ముఖంలోకి చూశారు.

“మూడు వారాలు కాలేదు, ఇంత అయిందా! మీ చెల్లెలుగారికి సరిగ్గా చెప్పారా అసలు?”

“కొలతతో సహా చెప్పానండీ.”

“కొలత విన్నాక కూడా వద్దన్నారా?”

“నవ్వారండీ.”

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. చాలాసేపు కడుక్కున్నారు.

నీ పని సులువు చేయడానికి దీనితో ఒక ఫారం జతపరిచాను. రెండు గళ్లున్నాయి: “కోయవచ్చును”, “కోయరాదు”. సరైన దాంట్లో టిక్కు పెట్టి సంతకం చేసి పంపగలవు.

మిగతా విషయాల్లో పేష్కారు ఆరోగ్యంగానే ఉంది. బుధవారం బీరువా ఎక్కింది. గురువారం పక్కింటి టైలరుగారి పళ్లెంలోంచి చేప ముక్క తెచ్చింది. ఆయన ఫిర్యాదు చేశారు, స్వీకరించాను. నిన్ను తలుచుకుంటోంది.

అన్నయ్య


ఫిబ్రవరి 1

అన్నయ్యా,

ఫారం తిప్పి పంపుతున్నాను. “కోయరాదు” గడిలో టిక్కు పెట్టాను. కనబడదేమోనని రెండు టిక్కులు పెట్టాను.

ఐదు పోగులకి డాక్టరు చేతులు కడుక్కుంటూ నిలబడ్డాడా? నాకేం అర్థం కావడం లేదు. ఐదు పోగులంటే ఏంటో తెలుసా? నా జడలోంచి రోజూ అంతకంటే ఎక్కువ దూది దులుపుతాను. ఇక్కడ దగ్గితే దూది, తుమ్మితే దూది. దాన్ని కోసి తీయమంటే ముందు నన్ను కోయాలి.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. పేష్కారు నీకు భారమైందా? బెంచీల పని ఎక్కువై చూసుకోలేకపోతున్నావా? అయితే సూటిగా చెప్పు. పిల్లల్ని పంపించేసినప్పుడు కూడా నువ్విలాగే “ఎలుకల విషయమై” అని మొదలుపెట్టావు. ముందు కాగితం, తర్వాత డాక్టరు మాట, ఆ తర్వాత ఒక రోజు ఇంటికొచ్చేసరికి బుట్ట ఖాళీ. నాకు ఆ బుట్ట ఇంకా కళ్లముందే ఉంది.

దానికి కత్తి తగిలితే నేనిక ఆ ఇంటి గుమ్మం తొక్కను. ఇది షరతు కాదు, మామూలు మాట.

చెల్లాయి


ఫిబ్రవరి 9

గౌరవనీయులైన చెల్లెలుగారికి,

తమరు పంపిన ఫారం అందినది. రెండు టిక్కులూ స్పష్టంగా ఉన్నవి. ఫైలు చేయడమైనది.

నేటి కొలత: తొమ్మిది నూలు.

తమరి ఆజ్ఞ ప్రకారం కత్తి గానీ సూది గానీ తగలనివ్వలేదు. డాక్టరుగారు రెండుసార్లు కబురు పంపారు, వెళ్లలేదు.

పేష్కారు బీరువా ఎక్కడం మానేసింది. కుర్చీ ఎక్కడం మొన్నటితో మానేసింది. గడ్డ చుట్టూ నాకి నాకి అక్కడ బొచ్చు ఊడిపోయింది. ప్రస్తుతం నేను రిజిస్టరును నేల మీద పరిచి, నేల మీదే కూర్చుని రాస్తున్నాను. కారణం: బల్ల ఎత్తు.

నాకు భారమైందా అని తమరు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు ఏ ఫారంలో రాయాలో తెలియక రాయడం లేదు.

ఇట్లు,
తమ అన్న


ఫిబ్రవరి 15

అన్నయ్యా,

నన్ను గారూ గీరూ అనకు, ఏడుపొస్తుంది. తప్పు నాదే. మొన్నటి ఉత్తరం పోస్టులో వేసిన గంటకే వెనక్కి తీసుకోవాలనిపించింది. డబ్బా దగ్గర నిలబడితే పోస్టుమాన్ “ఒకసారి వేశాక అది ప్రభుత్వానిదమ్మా” అన్నాడు. నీకు తమ్ముడిలా ఉన్నాడు.

నువ్వు దిగులు మనిషివి. ఇంట్లో ఒక్కడివే ఉండి దాన్నే చూస్తూ కూర్చుంటే చిన్నది పెద్దగా కనబడుతుంది. బీరువా ఎక్కకపోవడం వయసు వల్ల. దానికి పదకొండేళ్లు, మనం మాత్రం ఎక్కుతున్నామా?

నా మాట మీద నీకు నమ్మకం కుదరడం లేదు కాబట్టి కంటికి కనబడేట్టు చేశాను. నిన్న షిఫ్టు అయ్యాక మా ఫ్రేము మీంచి తొమ్మిది పోగులు తీసి, పేని, ఈ కాగితం మడతలో పెట్టాను. రాలిపోతుంది, మెల్లిగా విప్పు. ఇదీ నీ తొమ్మిది నూలు. వెలుగులో పట్టుకుని చూడు. సూది బెజ్జంలో కూడా దూరుతుంది. ఇంతకా అన్నయ్యా, నువ్వు అన్నం మానేసింది?

చూడటం అయ్యాక దాన్ని పేష్కారుకే ఇచ్చెయ్, ఆడుకుంటుంది.

చెల్లాయి


ఫిబ్రవరి 20

చెల్లాయికి,

నీ ఉత్తరం ఈ ఉదయం పదింటికి అందింది. మడత విప్పాను. దారం ముక్క బల్ల మీద పడింది. దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో నమోదు చేయలేదు.

ఈ కింది వివరణను మొదటి ఉత్తరంలోనే ఇవ్వవలసింది.

వడ్రంగి పనిలో నూలు అంటే నూలు కాదు. అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒక భాగం. నాలుగు నూలు అర అంగుళం. ఎనిమిది నూలు అంగుళం. ఇరవై ఆరేళ్లుగా రోజుకి వందసార్లు అనే మాట. ఆ మాటకు ప్రపంచంలో ఇంకో అర్థం ఉందని, ఆ ఇంకో అర్థం మధ్యలోనే నా చెల్లెలు రోజుకి ఎనిమిది గంటలు నిలబడుతుందని నాకు తట్టలేదు. నువ్వు పోగు అని దిద్దినప్పుడు కూడా తట్టలేదు.

నువ్వు దారం పంపావు. నేనూ ఒకటి పంపుతున్నాను. వర్క్‌షాపుకి వెళ్లి ఈ రోజు కొలత ప్రకారం ఒక కట్టె బిళ్ల తీశాను. పదకొండు నూలు. అంచులు నునుపు చేశాను, గుచ్చుకోదు. మందం కూడా సరిగ్గా అంతే ఉంచాను. దాన్ని నీ అరచేతిలో పెట్టుకుంటే నేనేం చెబుతూ వచ్చానో తెలుస్తుంది.

బిళ్ల తీశాక ఫోను చేశాను. వార్డెను తీసింది.

“చావా, పురుడా?”

“రెండూ కాదండీ. ఒక కొలత తప్పుగా అర్థమైంది.”

“కొలతలకి ఉత్తరం రాసుకోండి.”

పెట్టేసింది. తర్వాత పేష్కారును బుట్టలో పెట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. నాలుగవ షరతును పక్కన పెట్టి కోత కోయండని అడగడానికే వెళ్లాను, అది కూడా నీకు చెప్పాలి. ఆయన దాని ఛాతీకి ఎక్సరే తీసి వెలుగుకి పట్టుకున్నారు. “ఇవి చూశారా?” అన్నారు. ఊపిరితిత్తుల్లో ఆవాలు చల్లినట్టుంది. “ఇప్పుడు పొట్ట మీద కోసి ఏం లాభమండీ? జనవరిలో అయితే...” అని ఆగిపోయారు. ఆయన మంచివారు. ఆగకపోయినా నేను తప్పు పట్టేవాణ్ణి కాదు.

బాధ ఎక్కువైతే నిద్రపుచ్చే సూది ఉందన్నారు. నిన్ను అడుగుతానన్నాను.

దారాన్ని దాని ముందు పెట్టాను. ఒకసారి కాలితో తట్టింది.

అన్నయ్య


ఫిబ్రవరి 26

అన్నయ్యా,

బిళ్ల చేరింది.

ఏ నంబరు పోగో రెండు వేళ్లతో చెబుతానని నీకు గొప్పగా రాశాను. బిళ్లని అదే రెండు వేళ్ల మధ్య పెట్టుకున్నాను. వేళ్లు కలవలేదు.

పక్క మంచం ఆవిడ అడిగింది, “ఏంటది, ఆటబిళ్లా?” అని. అవునన్నాను.

తప్పు నీది ఎంత, నాది ఎంత అని రెండు రోజులు కూర్చుని చూశాను. ఎంత చూసినా ఒక దగ్గరే ఆగుతున్నాను. నువ్వు మాట తప్పని మనిషివని తెలిసే నేనా నాలుగో షరతు రాశాను. నువ్వు మాట తప్పే మనిషివైతే ఎంత బాగుండేది! జనవరిలోనే నాకు చెప్పకుండా కోయించేసేవాడివి. నేను నాలుగు నెలలు మాట్లాడకపోయేదాన్ని. అంతేగా.

సెలవు అడిగాను. పిల్లికని చెబితే ఇవ్వరు, దగ్గరి బంధువుకి సీరియస్ అని రాశాను. “ఏమవుతారు?” అని మా మేనేజరు అడిగాడు. “కూతురు” అన్నాను. నా కాగితాల్లో పిల్లల్లేరని ఉంది, అయినా ఆయన తలెత్తకుండా సంతకం పెట్టాడు.

మార్చి ఏడు, శనివారం, మధ్యాహ్నం మూడింటి బండికి దిగుతాను. అంతవరకు సూది వద్దు. ఎలాగోలా ఉంచు. పాలు చుక్క చుక్కగా పట్టు. అది నా ఒళ్లోనే పోవాలి, ఇంకెవరి చేతుల్లోనూ కాదు. పదకొండేళ్లు నా కాళ్ల మీద పడుకుంది, ఆ మాత్రం నేను అడగొచ్చు.

నాలుగో షరతు ఇంకా ఉంది అన్నయ్యా. ఈ ఒక్కసారికీ మాట తప్పకు.

చెల్లాయి


మార్చి 7

చెల్లాయికి,

ఈ ఉత్తరాన్ని తపాలాలో వేయడం లేదు. వేసినా లాభం లేదు, నువ్వు ఇప్పటికే బండిలో ఉంటావు. నువ్వు దిగగానే నా చేత్తో ఇస్తాను. నోటితో చెప్పడానికి నిన్నంతా సాధన చేశాను, రాలేదు.

మాట తప్పాను.

మంగళవారం దాకా పాలు తాగింది. బుధవారం నుంచి పడుకోలేకపోయింది. పడుకుంటే ఊపిరి అందదు. అందుకని ముందు కాళ్ల మీద లేచి, మెడ చాపి, నోరు తెరుచుకుని అలాగే కూర్చుంది. నిద్ర వచ్చి తల వాలగానే ఉలిక్కిపడి మళ్లీ లేచేది. బుధవారమంతా, గురువారం మధ్యాహ్నం దాకా. పిల్లులు నోరు తెరుచుకుని ఊపిరి తీయవు చెల్లాయ్. అది నోరు తెరిచి నావైపు చూస్తూ ఉండేది. నేను గోడ మీద కాలెండరు చూశాను. శనివారానికి రెండు గళ్లున్నాయి. దానికి ఆ రెండు గళ్లూ ఎలా చెప్పను?

నీకు ఫోను చేయలేదు. చేస్తే నువ్వు ఆగమనేదానివి. ఆగమంటే ఆగేవాణ్ణి.

గురువారం మూడింటికి బుట్టలో తీసుకెళ్లాను. కంపౌండరు ఫారం ఇచ్చాడు.

“యజమాని సంతకం ఇక్కడండీ.”

“యజమాని ఊళ్లో లేదు.”

“మీరు చేస్తే చాలండీ. కానీ పక్క గడి నింపాలి. జంతువుతో సంబంధం.”

“ఏం రాస్తారు మామూలుగా?”

“పెంపకందారు అని రాస్తారు. కాపలా అని రాస్తారు. మీ ఇష్టం.”

పెంపకందారును నేను కాదు. కాపలా అని రాసే అర్హత నాకు లేదు. నీ ఉత్తరంలో సెలవు కోసం నువ్వు చెప్పిన మాట గుర్తొచ్చింది. దాని ప్రకారం నేను ఏమవుతానో చూసుకుని “మేనమామ” అని రాశాను. కంపౌండరు చదివాడు. ముద్ర వేశాడు. కుర్చీ తెచ్చి నాకు వేశాడు.

డాక్టరుగారు నన్ను బయటికి వెళ్లమన్నారు. వెళ్లలేదు. ఒళ్లో పెట్టుకున్నాను. అది నీ ఒళ్లు కాదని దానికి తెలిసే ఉంటుంది. సూది పడ్డాక మెడ దించింది, గడ్డం నా మోకాలి మీద ఆనించింది. రెండు రోజుల తర్వాత అదే మొదటిసారి అది తల వాల్చడం. తర్వాత డాక్టరుగారు “అయిపోయిందండీ” అన్నారు. నేను ఇంకొంచెంసేపు కూర్చున్నాను. ఎవరూ లేవమనలేదు.

పెరట్లో పంపు పక్కన పెట్టాను. మిగులు పలకలతో పెట్టె చేశాను. లోపల నీ పాత శాలువా వేశాను. అదీ నిన్ను అడగలేదు.

జనవరిలో ఇలా మాట తప్పి ఉంటే అది బతికేది. అప్పుడు నీ సంతకం కోసం ఆగాను. ఇప్పుడు చంపడానికి నా సంతకం సరిపోయింది. దీనికి సంజాయిషీ రాయాలని మూడు కాగితాలు చింపాను.

దానికి కత్తి తగిలితే గుమ్మం తొక్కనన్నావు. ఆ మాటలో సూది ఊసు లేదు, కానీ నేను ఆ సందు పట్టుకోను. నువ్వు ఇది చదువుతుండగా నేను పక్క బెంచీ మీద కూర్చుంటాను. చదివాక ఇంటికి రావాలనిపిస్తే సంచీ నా చేతికియ్యి. ఏమీ మాట్లాడనక్కర్లేదు, నాలుగు నెలలైనా సరే.

రావాలనిపించకపోతే, తిరుగు బండి నాలుగూ పదికి ఇదే ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది. కనుక్కున్నాను.

అన్నయ్య